ఉప్పెన జ్ఞాపకం ఎంతవరకు సాక్ష్యం?

1977 నవంబరు 19, శనివారం. ఆ సాయంత్రం తుపాను నిజాంపట్నం దగ్గర తీరం దాటింది. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన సముద్రం కృష్ణ కలిసేచోటి ఊళ్ల మీద పడింది. నదికి అవతల దివి తాలూకా, ఇవతల అప్పటి గుంటూరు జిల్లాలోని రేపల్లె, బాపట్ల తాలూకాలు. చనిపోయినవాళ్లు 10 వేల మంది దాకా అన్నది సర్కారు లెక్క. అది చాలా తక్కువని అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. 2027 నవంబరుకు ఆ రాత్రికి 50 ఏళ్లు నిండుతాయి. ఆనాటి పదేళ్ల పిల్లలు అరవైకి చేరువయ్యారు, ఆనాటి పెద్దల్లో మిగిలినవాళ్లు కొద్దిమంది. వాళ్లు చెప్పేది రాసిపెట్టుకోవాలన్న దాంట్లో వాదం లేదు. రాసుకున్నదాన్ని ఏమని పిలవాలన్నదే వాదం. ప్రాణభయంలో ఉన్న మనసు చూసింది చూసినట్టు దాచుకుంటుందా, ఆ భయమే చూపును మార్చేస్తుందా? ఈ ప్రశ్న మీద ఇద్దరిని బాపట్లలో ఎదురెదురుగా కూర్చోబెట్టాను. మాస్టారు రేపల్లెలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఉప్పెన చూసినవాళ్ల మాటలను నోటుపుస్తకాల్లోకి ఎక్కిస్తున్నారు. డాక్టరు తెనాలిలో మానసిక వైద్యం చేసే ఆవిడ. ఇద్దరూ కల్పితులే. వాళ్లు ముందుంచే ఆధారాలు కల్పితాలు కావు. నా మొగ్గు డాక్టరు వైపే. అయినా మాస్టారు అడ్డం పడే చోటు ఒకటుంది, దాన్ని దాటకుండా ఆవిడ వాదం నిలబడదు.

మాస్టారు: డాక్టరమ్మ గారూ, 1977లో ఆ శనివారానికి ముందు 46 శనివారాలు వచ్చిపోయాయి. వాటిలో ఒక్కటైనా ఎవరికైనా గుర్తుందా? ఈ ఒక్కటీ మాత్రం గాలి ఏ దిక్కునుంచి తిరిగిందో, ఎవరి చెయ్యి ఎక్కడ జారిందో సహా నిలిచిపోయింది. ఊరికే నిలవలేదు, భయం నిలబెట్టింది. ఈ మాట మీ శాస్త్రమే చెప్పింది. సరిగ్గా ఆ 1977లోనే అమెరికాలో బ్రౌన్, కూలిక్ అనే ఇద్దరు మనోవైజ్ఞానికులు ఒక వ్యాసం రాశారు. కెనెడీ హత్య వార్త విన్న క్షణంలో తామెక్కడున్నారో, ఎవరు చెప్పారో, అప్పుడు ఏం చేస్తున్నారో జనం ఏళ్లు గడిచినా పూసగుచ్చినట్టు చెబుతున్నారని చూపించారు. కెమెరా ఫ్లాష్ వెలిగినట్టు మనసు ఆ క్షణాన్ని పట్టేస్తుందని అన్నారు. ఆ తర్వాత 1994లో కేహిల్, మెక్‌గా బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. కొంతమందికి గుండెదడ తగ్గించే ప్రొప్రనొలాల్ మాత్ర వేసి, ప్రమాదంలో దెబ్బతిన్న ఒక పిల్లవాడి కథ బొమ్మలతో చూపించారు. మాత్ర వేసుకోనివాళ్లకు వారం తర్వాత కథలోని దుఃఖభాగం మిగతా కథకంటే బాగా గుర్తుంది. మాత్ర వేసుకున్నవాళ్లకు ఆ తేడా లేదు. అంటే భయంలో ఒంట్లో ఊరే రసాయనమే జ్ఞాపకానికి సున్నం, ఇటుక. ఇంత తెలిసి కూడా ఉప్పెన నుంచి బయటపడ్డవాడి మాటను అనుమానించమంటారా?

డాక్టరు: భయం జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుందన్నది నిజం మాస్టారూ, దాన్ని నేను కాదనను. కానీ మీరు రెండు సంగతులను ఒకటిగా కడుతున్నారు. గట్టిగా గుర్తుండటం వేరు, సరిగ్గా గుర్తుండటం వేరు. ఫ్లాష్ వెలుగు అన్నారే, ఆ మాట వచ్చిన పదేళ్లలోపే దానికి పరీక్ష ఎదురైంది. 1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక పేలిపోయింది. మర్నాడే నైసర్ అనే శాస్త్రవేత్త, ఎమరీ విశ్వవిద్యాలయం విద్యార్థుల చేత ఆ వార్త తమకెలా తెలిసిందో కాగితం మీద రాయించి దాచాడు. రెండున్నరేళ్ల తర్వాత వాళ్లలో 44 మందిని మళ్లీ అడిగాడు. ఎక్కడున్నారు, ఎవరు చెప్పారు లాంటి అంశాలకు మొత్తం 7 మార్కులు పెడితే సగటున 3 కూడా రాలేదు. నాలుగోవంతు మందికి సున్నా. తమ చేతిరాతతో ఉన్న పాత కాగితం ముందు పెట్టినా, ఇప్పుడు గుర్తున్నదే నిజమనుకున్నవాళ్లున్నారు. అదే సమయంలో తమ మాట మీద తమకున్న నమ్మకం 5కి 4 దాటింది. 2001 సెప్టెంబరు 11 దాడుల మర్నాడు తలారికో, రూబిన్ ఇదే పనిని ఇంకా జాగ్రత్తగా చేశారు. 54 మంది చేత దాడి వార్తతోపాటు ఆ దగ్గరి రోజుల్లో జరిగిన మామూలు సంఘటన ఒకటి కూడా రాయించారు. రోజులు గడిచేకొద్దీ రెండూ ఒకే రీతిలో చెదిరాయి. చెదరనిది ఒక్కటే, దాడి జ్ఞాపకం కళ్లకు కట్టినట్టుందన్న నమ్మకం. కాబట్టి మనిషి ఎంత ధీమాగా చెబుతున్నాడన్నది ఆ మాట నిజానికి కొలబద్ద కాదు.

మాస్టారు: మీరు తెచ్చినవన్నీ వార్త విన్నవాళ్ల సంగతులు. హాస్టల్లో కూర్చుని టీవీ చూసిన కుర్రాడికీ, తాటిచెట్టును వాటేసుకుని తెల్లవార్లూ ఉప్పునీళ్లలో గడిపినవాడికీ పోలికా? ఆ నైసర్ పనే ఇంకోటి ఉంది, దాన్ని కూడా తీయండి. 1989లో కాలిఫోర్నియాలో పెద్ద భూకంపం వచ్చింది. ఆ నేల మీద స్వయంగా ఊగిపోయినవాళ్లనీ, దూరాన అట్లాంటాలో ఉండి వార్త విన్నవాళ్లనీ వెంటనే ఒకసారి, ఏడాదిన్నర తర్వాత మరోసారి అడిగారు. వార్త విన్నవాళ్లు తడబడ్డారు. భూకంపంలో ఉన్నవాళ్లు మొదట చెప్పినదే దాదాపు పొల్లుపోకుండా మళ్లీ చెప్పారు. 2001 ఆగస్టులో అట్లాంటిక్ మీద ఇంధనం అయిపోయి, ఇంజన్లు ఆగి, గాల్లో తేలుతూ అజోర్స్ దీవుల్లో దిగిన ఎయిర్ ట్రాన్సాట్ విమానం ప్రయాణికుల మీద కూడా పరిశోధన జరిగింది. చావు ఎదురుగా కనిపించిన ఆ అరగంట వాళ్లకు ఏళ్ల తర్వాత కూడా అసాధారణమైన వివరంతో గుర్తుంది. వినడం వేరు, పడటం వేరు. నా పుస్తకాల్లో ఉన్నవాళ్లు పడ్డవాళ్లు.

ఇదే డాక్టరు దాటాల్సిన చోటు. వార్తలు విన్న విద్యార్థుల తడబాటును ఉప్పెనలో కొట్టుకుపోయిన మనిషి నెత్తిన రుద్దడం న్యాయం కాదు. ఈ విషయం మీద ఇష్టం వచ్చినట్టు రాసేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటూ ఇదే.

డాక్టరు: ఒప్పుకుంటున్నాను. పడ్డవాళ్ల జ్ఞాపకం విన్నవాళ్ల జ్ఞాపకం కంటే బలమైనది, నిజానికి దగ్గరైనది కూడా. అయితే ఆ భూకంపం పరిశోధననే చివరిదాకా చదవండి. ఎవరు ఎక్కువ భయపడ్డారో వాళ్లకే ఎక్కువ గుర్తుందా అని చూస్తే అలా తేలలేదు. భూకంపంలో ఉన్నవాళ్లు ఆ కథను ఒకరికొకరు చెప్పుకున్నారు, చెప్పి చెప్పి నిలుపుకున్నారు, బహుశా అదే కారణమని నైసర్ బృందం అనుకుంది. అంటే నిలబెట్టింది భయం ఒక్కటే అనలేం, చెప్పుకోవడం కూడా నిలబెట్టింది. చెప్పుకోవడానికి రెండు వైపులా పదునుంది. అదే పోకుండా కాపాడుతుంది, అదే నున్నగా చెక్కి ఊరందరి కథలను ఒకే కథగా కూడా చేస్తుంది. ఇక అసలైన భయం సంగతి. 2004లో చార్లెస్ మోర్గన్ బృందం అమెరికా సైన్యంలో 500 మందికి పైగా సైనికుల మీద చేసిన పని మీ ఉప్పెన మనిషికి చాలా దగ్గర. శత్రువుకు చిక్కితే ఎలా తట్టుకోవాలో నేర్పే శిక్షణ అది. సుమారు రెండు రోజులు తిండి, నిద్ర లేకుండా ఉంచి, ఆపైన ఎదురుగా కూర్చున్న మనిషి చేత ప్రశ్నలు అడిగించారు. ఒకసారి మాటలతోనే, ఒకసారి చెయ్యి చేసుకుంటూ. ఒక్కో విచారణ అరగంట దాటింది, ముఖం ఎదురుగానే ఉంది. మర్నాడు మనుషులను వరసగా నిలబెట్టి, నిన్ను ప్రశ్నించింది ఎవరని అడిగితే మాటలతో విచారించినవాణ్ణి 62 శాతం మంది గుర్తుపట్టారు. కొడుతూ విచారించినవాణ్ణి గుర్తుపట్టింది 30 శాతమే. వీళ్లు టీవీ చూసినవాళ్లు కాదు, పడ్డవాళ్లే.

మాస్టారు: మరి ఆ విమాన ప్రయాణికులో? ఒకచోట భయం కాపాడిందంటారు, ఒకచోట చెరిపేసిందంటారు. రెండూ ఎలా నిజమవుతాయి?

డాక్టరు: భయం చూపును కుదిస్తుంది మాస్టారూ. దీన్ని 1959లోనే ఈస్టర్‌బ్రూక్ సూత్రీకరించాడు. ఒంట్లో ఉద్రేకం పెరిగేకొద్దీ మనసు పట్టించుకునే వలయం చిన్నదవుతుంది. తుపాకి గురిపెట్టినవాడి ముఖం కంటే తుపాకి గొట్టమే సాక్షికి గుర్తుంటుందని ఆ తర్వాత ఎన్నో ప్రయోగాలు చూపించాయి. ప్రాణం ఏ వస్తువు మీద ఆధారపడి ఉందో ఆ వస్తువు మనసులో పెద్దదవుతుంది. దాని చుట్టూ ఉన్నది మసకబారుతుంది. చెట్టును పట్టుకుని బతికినవాడికి ఆ చెట్టు బెరడు గరుకుదనం, నోట్లోకి పోయిన నీటి ఉప్పదనం, చంకన ఉన్న బిడ్డ బరువు యాభై ఏళ్లైనా చెదరకపోవచ్చు. వాటిని నేను నమ్ముతాను. కానీ నీళ్లు ఎన్నింటికి వచ్చాయి, ఎంతసేపు నిలిచాయి, అల ఎంత ఎత్తు, కళ్లముందు ఎంతమంది కొట్టుకుపోయారు అని అడిగితే, వాటికి సమాధానాలు ఆ రాత్రి అతని మనసులోకి ఎక్కే వీలే తక్కువ. అడిగాం కాబట్టి ఏదో ఒకటి చెబుతాడు, అదీ నిజాయితీగానే చెబుతాడు. కాలం విషయంలోనైతే నేరుగా కొలిచిన ప్రయోగమే ఉంది. 2007లో స్టెట్సన్, ఫియెస్టా, ఈగిల్‌మన్ అనేవాళ్లు మనుషులను 31 మీటర్ల ఎత్తునుంచి వెల్లకిలా వలలోకి వదిలారు. కిందపడటానికి ఎంతసేపు పట్టిందని అడిగితే, ఇతరులు పడటాన్ని చూసి వేసిన అంచనా కంటే తాము పడిన సమయాన్ని సగటున 36 శాతం ఎక్కువ చేసి చెప్పారు. పడుతున్నప్పుడు నిజంగానే మనసు చురుకై కాలం నెమ్మదించిందా అని తెలుసుకోవడానికి మణికట్టుకు వేగంగా మారే అంకెల పరికరం కూడా కట్టారు. ఆ అంకెలను వాళ్లు మామూలు కంటే వేగంగా చదవలేకపోయారు. అంటే ఆ క్షణంలో కాలం సాగలేదు, గుర్తు చేసుకునేటప్పుడు సాగింది. ఆ రాత్రి ఎంతకీ తెల్లవారలేదని మీ పుస్తకంలో ఎవరైనా అని ఉంటే, అది రాత్రిని కొలిచిన లెక్క కాదు, భయాన్ని కొలిచిన లెక్క.

మాస్టారు: మీరు అన్నది నాకు అర్థమవుతోంది. దాని వెనకాల వచ్చేదే నన్ను భయపెడుతోంది. భయంలో ఉన్నవాడి మాట నమ్మలేం అన్న ఒక్క వాక్యం ఆఫీసుల చేతికి, కోర్టుల చేతికి దొరికితే ఏమవుతుందో ఆలోచించారా? ఇల్లు పోయినవాడు, మనుషులు పోయినవాడు, కాగితాలు కూడా నీళ్లలో పోయినవాడు చేతిలో మిగిలింది ఒక్క నోటిమాట. దాన్ని కూడా మీరు లాక్కుంటే అతను లెక్కలోకే రాడు. చనిపోయినవాళ్ల సంఖ్య మీద ఇన్నేళ్లుగా ఉన్న తగవంతా అదే కదా. ఇంకోమాట, ఆ జ్ఞాపకమే తర్వాతి మనుషులను బతికించింది. 1990 మే 9న కృష్ణ ముఖద్వారం దగ్గరే మళ్లీ పెనుతుపాను తీరం దాటింది. అప్పుడు చనిపోయినవాళ్లు వెయ్యిలోపే. హెచ్చరికలు మెరుగయ్యాయి, షెల్టర్లు వచ్చాయి, నిజమే. కానీ పొమ్మంటే జనం కదలాలి కదా! 1977ను చూసిన కళ్లు ఊళ్లో ఉన్నాయి కాబట్టే కదిలారు. గంటలు, గజాలు తప్పైతేనేం, ఆ జ్ఞాపకం చెయ్యాల్సిన పని చేసింది.

డాక్టరు: చేసింది, ఒక్క అక్షరం కాదనను. కానీ జ్ఞాపకం మనిషిని కదిలించడానికి సరిపోతే చాలా, ఎప్పుడు కదలాలో చెప్పడానికి కూడా సరిపోవాలా? నీళ్లు ఒక్కసారిగా, చెప్పాపెట్టకుండా వచ్చాయి అన్న మాట మీద నమ్మకంతో హెచ్చరికల పద్ధతిని రూపొందిస్తే ఒకలాగుంటుంది. గాలి తిరిగిన తర్వాత నీళ్లు రావడానికి ఇంత వ్యవధి ఉందని వాతావరణశాఖ రికార్డులతో తేలితే ఇంకోలాగుంటుంది. ప్రాణాలతో లంకె ఉన్న తేడా ఇది. ఇక ఆఫీసుల భయం. జ్ఞాపకం చెదురుతుందని కాదు నేను అంటున్నది, ఒక క్రమంలో చెదురుతుందని. ఆ క్రమం తెలిస్తే సాక్షి చేతికి బలం వస్తుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో హాలండ్‌లో ఎరికా అనే నిర్బంధ శిబిరం ఉండేది. అక్కడ బాధలు పడినవాళ్లు 1943, 1948 మధ్య చెప్పిన సాక్ష్యాలనూ, 1984, 1987 మధ్య మళ్లీ చెప్పిన సాక్ష్యాలనూ వాగెనార్, గ్రునెవెగ్ పక్కపక్కన పెట్టి చూశారు. నలభై ఏళ్ల తర్వాత కూడా శిబిరం బతుకు, తిండి, పని, హింస ఎలా సాగిందన్నది దాదాపు అందరి మాటల్లో నిలిచింది. కానీ తమను కొట్టినవాళ్ల పేర్లు, ముఖాలు కొందరి నుంచి జారిపోయాయి, తేదీలు జారిపోయాయి. దీన్ని చదివి శిబిరం లేదనగలమా? తేదీ తప్పు చెప్పాడు కాబట్టి బాధ అబద్ధమనే వకీలుకు జవాబు ఈ పరిశోధనే. సాక్షి చెప్పిందంతా రాతి మీద అక్షరమని మీరు అంటే, ఒక్క అంకె తప్పని తేలినరోజు మొత్తం రాయి పగిలిపోతుంది. నేను కాపాడాలనుకుంటున్నది అతణ్ణే.

మాస్టారు: అయితే ఇంకో ఉపాయం ఉంది. ఏ స్థితిలో నేర్చుకున్నది ఆ స్థితిలోనే తేలిగ్గా గుర్తుకొస్తుందంటారు కదా. 1975లో గాడెన్, బాడ్లీ నీళ్లలో ఈదేవాళ్లకు కొన్ని మాటలు నీళ్లడుగున, కొన్ని ఒడ్డున నేర్పితే, నీళ్లలో నేర్చుకున్నవి నీళ్లలోనే బాగా చెప్పారట. తాగిన మత్తులో దాచినది మళ్లీ తాగితేనే గుర్తుకొస్తుందన్న పరిశోధనలు కూడా ఉన్నాయి. నవంబరులో వాయుగుండం పడి ఈదురుగాలి మొదలైన రోజున, సముద్రం హోరు వినిపించే చోట, సూర్యలంకలోనో నిజాంపట్నంలోనో కూర్చోబెట్టి అడిగితే మరుగునపడ్డవన్నీ తేలిరావా?

డాక్టరు: ఏవో తేలతాయి, అవి ఆ రాత్రివే అని ఎవరు చెప్పాలి? గాలి హోరు ఒక గుర్తును లాగుతుంది, ఆ గుర్తు ఇంకోదాన్ని లాగుతుంది, సందుల్లో మిగిలిన ఖాళీలను భయం తనకు తోచిన బొమ్మలతో నింపుతుంది. మీరన్న ఆ ఈతగాళ్ల ప్రయోగాన్నే 2021లో మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. స్థితి కలిస్తే గుర్తు కలుస్తుందన్న మాటలో కొంత నిజం ఉంది, మీరు ఆశించినంత లేదు. హిప్నాటిజం సంగతి చూడండి. మరుగున పడ్డ సాక్ష్యం బయటికి లాగుతుందని ఒకప్పుడు పోలీసులు కూడా నమ్మారు. 1985లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ నియమించిన మండలి పరిశీలించి, ఆ స్థితిలో వచ్చిన జ్ఞాపకాలు మామూలు జ్ఞాపకాల కంటే నమ్మదగినవి కావని తేల్చింది. వివరాలు పెరుగుతాయి, ధీమా పెరుగుతుంది, నిజం పెరగదు. వైద్యురాలిగా ఇంకోమాట చెప్పాలి, దీన్ని వాదం కింద తీసుకోకండి. కొందరికి గాలి వీస్తే ఆ రాత్రి గుర్తుకు రాదు, ఆ రాత్రే మళ్లీ వస్తుంది. చేతులు చల్లబడతాయి, ఊపిరి అందదు. పుస్తకం నింపుకోవడం కోసం ఒక మనిషిని మళ్లీ ఆ నీళ్లలోకి తోసే హక్కు మనకు లేదు. ఎండ కాస్తున్న పగలు, ఇంటి అరుగు మీద, పక్కన మనవళ్లుండగా అడగండి. చెప్పినంతే రాసుకోండి. ఆగిపోతే మీరూ ఆగిపోండి.

ఇక్కడ మాస్టారు కాసేపు ఏమీ అనలేదు. ఆయన పట్టు సడలింది మోర్గన్ అంకెలకు కాదు, ఈ చివరి మాటకు అనుకుంటాను. జ్ఞాపకాన్ని గౌరవించడమంటే దాన్ని వీలైనంత పిండుకోవడమని ఆయన అప్పటిదాకా అనుకుంటున్నారు.

మాస్టారు: సరే, చేతికొచ్చిన చిక్కు చెబుతాను, మీరే తీర్చండి. ఉప్పెన మర్నాడు మండలాఫీసు ముందు శవాలు వరసగా పెట్టారు, నేను చూశాను అని ఒకరు చెప్పారనుకోండి. 1977లో మండలాలెక్కడివి? అప్పుడున్నవి తాలూకాలు, మండలాలు 1985లో వచ్చాయి. చరిత్ర చెప్పినవాడిగా ఆ మాట చూడగానే నా చెయ్యి ఎర్ర పెన్ను వైపు పోతుంది. కొట్టేసి తాలూకాఫీసు అని రాయనా? మొత్తం వాక్యాన్నే పక్కన పెట్టనా?

డాక్టరు: రెండూ వద్దు. ఆ ఒక్క మాటలో మూడు సంగతులున్నాయి. అతను శవాలను చూశాడు, లేదా చూసినవాడి నోట విన్నాడు. ఆ చూపుకు మండలాఫీసు అన్న పేరు 1985 తర్వాత ఎప్పుడో అతికింది. అంటే ఈ కథను అతను ఆ తర్వాత కూడా మళ్లీ మళ్లీ చెప్పుకున్నాడు. ఇంకో అనుమానం కూడా పెట్టుకోవాలి. 1990లో తుపాను వచ్చేనాటికి మండలాఫీసులున్నాయి. ఒక తుపాను దృశ్యం ఇంకో తుపానులోకి జారి ఉండొచ్చు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది కదా, ఇక మీదట చెప్పేవాళ్లలో అదీ కలుస్తుంది. కొట్టేస్తే ఈ ఆనవాళ్లన్నీ పోతాయి. అందుకే అతని మాట అతని మాటగానే ఉండాలి. పక్కన ఇంకో గడి గీయండి. ఎప్పుడు చెప్పాడు, అప్పటికి వయసెంత, కళ్లతో చూశాడా, విన్నాడా, ఆ రాత్రి దేన్ని పట్టుకుని ఉన్నాడు. ఈ చివరి ప్రశ్న మాత్రం మరిచిపోకండి. పట్టుకున్నది తెలిస్తే అతని చూపు ఎంతవరకు ఆనిందో తెలుస్తుంది.

మాస్టారు: నా పుస్తకాల్లో ఆ ప్రశ్న ఎవర్నీ అడగలేదు. నీళ్లు ఎన్ని గంటలకొచ్చాయి, అల ఎంత ఎత్తు, ఊళ్లో ఎంతమంది పోయారు అనే అడిగాను, అందర్నీ.

డాక్టరు: అవి సర్కారు అడిగే ప్రశ్నలు మాస్టారూ. వాటికి జవాబులు కాగితాల్లో వెతకొచ్చు.

మాస్టారు: మొదటి పుస్తకంలో ఉన్నవాళ్లలో ఇంకా నలుగురైదుగురు ఉంటారు. రేపల్లె బస్సు నాలుగింటికి ఉంది. రేపు పొద్దున్నే, ఎండెక్కాక, వాళ్ల అరుగుల దగ్గరికి మళ్లీ వెళ్తాను.